బీరువాకు సన్మానపత్రము

చెహోవు నాటకములను ఈ కాలమునకు తగినట్లు మార్చి ఆడవలెనను మాట నాటకప్రియుల నోట తరచుగా వినబడుచున్నది. ఆ మాటకు మేము విరోధులము కాము. నాటకము పుస్తకమునందు నిద్రించుటకై పుట్టలేదు. ఏ తరమువారు ఆడినను ఆ తరమువారి కంఠముతోనే అది పలుకవలెను. మా విరోధమెల్ల మార్పు పేర జరుగుచున్న ఒక మోసమును గూర్చినది. పాత్రల పేర్లు మార్చుదురు, దుస్తులు మార్చుదురు, ఊరు మార్చుదురు. మార్చకూడని ఒక్కదానిని, అనగా ఆ నాటకము ప్రేక్షకునిపై మోపిన నేరమును మాత్రము చల్లగా తొలగింతురు. అట్లు తొలగించిన పిమ్మట మిగులునది కన్నీరు. అది అందరికిని హితవుగనే యుండును. కాని చెహోవు వ్రాసినది అది కాదు.

పొరుగు రాష్ట్రములలో తరతరములుగా కాపురమున్న తెలుగు కుటుంబములు చదువుకొను ఈ సంచికలో ఒక రష్యా నాటకమును గూర్చిన తగవు ఎందులకని పాఠకులు అడుగవచ్చును. ‘చెర్రీ తోట’ కథను ఒక్కమారు జ్ఞప్తికి తెచ్చుకొన్నచో ఆ తగవు మన వాకిటిదేయని తెలియగలదు.

చెహోవు ఈ నాటకమును 1903వ సంవత్సరమున, క్షయవ్యాధితో కృశించుచు, యాల్టా పట్టణమున వ్రాసెను. మాస్కో ఆర్టు థియేటరువారు పాత పంచాంగము ననుసరించి 1904 జనవరి 17వ తేదీన దానిని మొదటిసారి ప్రదర్శించిరి. అదే ఏట జులై మాసమున ఆయన జర్మనీలో కన్నుమూసెను. ఇదియే ఆయన తుది నాటకము.

కథ మిక్కిలి చిన్నది. రానెవ్‌స్కాయా అను భూస్వామిని ఐదేండ్లు విదేశములలో గడపి, ఉన్న ధనమంతయు ఊడ్చిపెట్టుకొని, మే మాసమున స్వగృహమునకు తిరిగివచ్చును. అప్పుల క్రింద ఆ యిల్లును, దాని చుట్టునున్న చెర్రీ తోటయు ఆగస్టు 22వ తేదీన వేలమునకు రానున్నవి. లోపాఖిన్ అను వర్తకుడు మొదటి అంకముననే తరుణోపాయము చెప్పును. నది వెంబడి భూమిని ముక్కలు చేసి వేసవి విడుదుల కొరకు కౌలుకిచ్చినచో ఏటికి 25,000 రూబుళ్లకు తక్కువ రాదు. అందులకై పాత యిల్లు పడగొట్టవలెను, తోట నరికింపవలెను. రానెవ్‌స్కాయాయు, ఆమె అన్న గాయెవును ఆ మాటను నీచమని త్రోసిపుచ్చుదురు. పనికివచ్చు వేరొక ఉపాయము ఆలోచింతురా? ఆలోచింపరు. వేలము జరుగునాడు ఇంట వాద్యములు పెట్టించి నాట్యము చేయుచుందురు. తుదకు ఎస్టేటును కొన్నవాడు ఆ లోపాఖినే. అక్టోబరులో అందరును ఇల్లు విడిచి పోవుదురు. ఎనుబదియేడేండ్ల ముసలి సేవకుడు ఫీర్స్ మాత్రము తాళము వేసిన యింటిలో మిగిలిపోవును. వెలుపల చెట్లపై గొడ్డలి దెబ్బ వినబడుచుండగా తెర పడును.

దీనికి చెహోవు పెట్టిన ఉపశీర్షిక ‘నాలుగంకముల హాస్యనాటకము’. స్తానిస్లావ్‌స్కీ వ్రాతప్రతి చదివి కంటతడి పెట్టి, ఇది హాస్యము కాదు, విషాదమని రచయితకే జాబు వ్రాసెను. ఆ విధముగనే ఆడించెను. చెహోవు ఊరకొనలేదు. ప్రకటనలలో తన నాటకమును హాస్యమని ఏల చెప్పరని భార్యకు వ్రాసిన లేఖలో నిలదీసెను. 12 నిమిషములలో ముగియవలసిన కడపటి అంకమును 40 నిమిషములు సాగదీసి నాటకమును పాడుచేసిరని వాపోయెను.

ఇది వట్టి పేరును గూర్చిన పట్టుదలయని కొందరు తలంతురు. మేమట్లు తలపము. విషాదమున మానవుని కూల్చునది విధి. ఈ నాటకమున విధి లేదు, తేదీ కలదు. ఆ తేదీ అందరికిని తెలియును. తప్పించుకొను మార్గమును ఒకడు వచ్చి అంకె లతో సహా చెప్పును. ఐనను కదలని వారిని చూచి మనము నవ్వవలెను. నవ్వుచు నవ్వుచు, ఆ కదలనివారు ఎవరిని పోలియున్నారో తెలిసి ఉలికిపడవలెను. ఆ నవ్వును తీసివేసి, సన్నని వాయులీనపు రాగమొకటి వెనుక నుంచి వినిపించినచో, గాయెవు సోమరితనము ఉదాత్త దుఃఖముగా మారిపోవును. ప్రేక్షకుడు కన్నులు తుడుచుకొని, తానును ఉదాత్తుడనేయను తృప్తితో ఇల్లు చేరును.

మా వాదమునకు ప్రతివాదము లేకపోలేదు. రచయిత చెప్పినదే వేదమా, రచన లోకమున పడిన తరువాత దానికి అర్థము చెప్పుకొను హక్కు నటునకు లేదా యని అడుగుదురు. తప్పక కలదు. 1896లో సెయింట్ పీటర్స్‌బర్గున పరాభవము పొందిన ‘సీగల్’ నాటకమును 1898లో మరల నిలువబెట్టినవారు ఆర్టు థియేటరువారే. స్తానిస్లావ్‌స్కీ పొరపడెననినను, ఆ పొరపాటులోను నటుని అంతరంగమును శోధించెను. నేటి అనుసరణకర్తలలో పెక్కురు ఆ శోధనను విడిచి, కన్నీటిని మాత్రము వారసత్వముగా గ్రహించిరి. మాకు గిట్టనిది అది.

కాలానుగుణమను పేరిట జరుగు మఱియొక పని కలదు. రంగమునకు సెల్‌ఫోను తెత్తురు, దూరదర్శనపు పెట్టె తెత్తురు, గోడమీద తెర కట్టి చలనచిత్రపు ముక్కలు చూపుదురు. ‘సీగల్’ అభ్యాసములు జరుగుచుండిన 1898లో ఒక నటుడు, నేపథ్యమున కప్పలు కూయుననియు కుక్కలు మొరుగుననియు చెహోవుతో గొప్పగా చెప్పెనట. ఎందులకని ఆయన అడుగగా, నిజమువలె ఉండుటకని నటుడు బదులు చెప్పెను. చక్కని చిత్తరువులోని ముఖమునకు ముక్కు కోసివేసి, ఆ చోట నిజమైన ముక్కు అతికినచో, ముక్కు నిజమైనదే యగును గాని చిత్తరువు చెడునని చెహోవు అనెనట. మేయర్‌హోల్డు ఆనాటి తన దినచర్యలో వ్రాసికొన్న ముచ్చట యిది. నేటి సెల్‌ఫోను మ్రోత ఆనాటి కప్పకూతయే. కాలము మారినదని చెప్పుటకు వస్తువులు చాలవు. భూమిని ముక్కలు చేసి అమ్ముటకంటె నేటి కాలపు విషయము వేరొకటి కలదా? ప్లాట్లు వేయుటను గూర్చి చెహోవు 1903లోనే వ్రాసిపెట్టెను. దానికి క్రొత్తగా పూయవలసిన రంగేమియు లేదు.

ఇక తెలుగు చేయుటను గూర్చి. చెర్రీ తోటను మామిడి తోటగా మార్చినచో చాలునని పలువురు అనగా విన్నాము. ఇచ్చటనే అసలు చిక్కు కలదు. చెర్రీ రెండేండ్లకొకమారు కాయును, కాసినను కొనువాడు లేడు అని లోపాఖిన్ స్పష్టముగా చెప్పును. నలుబది యేబది యేండ్ల క్రిందట ఆ పండ్లను ఎండబెట్టి, ఊరబెట్టి, బండ్లకెత్తి మాస్కోకును ఖార్కోవునకును పంపెడివారని ఫీర్స్ తలచుకొనును. ఆ చేయు పద్ధతి ఏదని అడుగగా, మరచిపోయిరి, ఎవరికిని జ్ఞాపకము లేదని బదులు చెప్పును. ఆ ఒక్క మాటపై నాటకమంతయు నిలిచియున్నది. మామిడి తోట అట్టిది కాదు. పూత మీదనే గుత్తకు తీసికొను వర్తకులు దానికి కలరు. ఆదాయము తెచ్చు తోటను పోగొట్టుకొన్నవాడు అసమర్థుడు మాత్రమే. ఎన్నడో బ్రతుకునిచ్చి, నేడు అందము మాత్రమే మిగిలి, దానిని వినియోగించు విద్య ఇంటిలో ఎవరికిని రాని సొత్తు ఏదియో దానిని వెదకి పట్టుకొనుటయే అనుసరణకర్త చేయవలసిన మొదటి పని. మన యిండ్లలో అట్టి సొత్తు ఒకటి కలదు. దాని ప్రసక్తి కడపట చేయుదుము.

రెండవ పని ఇంతకంటెను కఠినమైనది. లోపాఖిన్ తండ్రియు తాతయు ఆ ఎస్టేటులోనే దాసులు. రష్యా దేశమున ఆ దాస్యము 1861లో రద్దయ్యెను. చెహోవు తాత దాసుడై యుండి, 1841లో ధనమిచ్చి తన కుటుంబమునకు విముక్తి కొనెను. తండ్రి వ్యాపారము చితికి 1876లో మాస్కోకు పారిపోగా, టాగన్రోగులోని వారి యిల్లు పరులపాలయ్యెను. కావున ఇల్లు కోల్పోయినవాని బాధయు, యజమానుని యిల్లు కొన్న దాసపుత్రుని తత్తరపాటును ఆయనకు రెండును తెలిసినవే. తన తాతతండ్రులను వంటింటిలోనికైనను అడుగిడనీయని ఎస్టేటును తాను కొంటినని లోపాఖిన్ మూడవ అంకమున పొంగిపోవును, ఆ వెంటనే క్రుంగిపోవును. అతడు అన్నివిధముల మర్యాదస్థుడనియు, ఆ పాత్ర పండకున్న నాటకమే పండదనియు చెహోవు లేఖలలో హెచ్చరించెను.

మరి మనవారి చేతిలో ఈ లోపాఖిన్ ఏమగుచున్నాడు? మెడలో గొలుసు, నోట బూతు, చేత బ్రీఫ్‌కేసు గల స్థలాల వ్యాపారిగా మారుచున్నాడు. వంటింటి గడప మాట ఎగిరిపోవుచున్నది. ఆ గడప అర్థము తెలుగువానికి ఒకరు విప్పి చెప్పవలెనా? వెట్టి చేసిన పాలేరు మనుమడు దొరవారి మండువా యిల్లు కొన్నాడని రంగముపై చెప్పిననాడే లోపాఖిన్ తెలుగువాడగును. అట్లు చెప్పినచో సభలో ముందువరుసవారు నొచ్చుకొందురని వెనుకాడుచున్నారు. తోటలోని ప్రతి పండునుండియు, ప్రతి ఆకునుండియు మీ తాతలు ఏలిన మనుష్యులు మిమ్ము చూచుచున్నారను అర్థము గల మాటలను విద్యార్థి త్రొఫీమొవ్ చెప్పును. జారు చక్రవర్తి ప్రభుత్వపు పరిశీలకులు ఆ ఘట్టములోని మాటలను మార్పించిరి. ఆనాడు బలవంతమున జరిగిన దానిని మనము ఈనాడు మర్యాద పేరిట స్వచ్ఛందముగా చేయుచున్నాము. ఇంతకంటె సిగ్గుచేటు వేరొకటి లేదు.

మార్పును ధైర్యముగా చేసినవారు లేకపోలేదు. 1974లో స్ట్రెహ్లర్ మిలాన్ నగరమున రంగమంతయు తెల్లగా చేసి, ఎండుటాకులు నిండిన తెల్లని చాందినిని ప్రేక్షకుల తలలపైకి సాచెను. 1981లో పీటర్ బ్రూక్ పారిస్‌లోని ఒక పాత నాటకశాలలో తివాచీలు పరచి, సామగ్రి దాదాపు లేకయే, విరామము లేక ఈ నాటకము నడిపెను. 2023లో లండనులో ఆండ్రూ స్కాట్ ‘వాన్యా మామ’ నాటకములోని పాత్రలన్నింటిని తానొక్కడే ధరించెను. 2024లో సియోల్ నగరమున సైమన్ స్టోన్ ‘చెర్రీ తోట’ను నేటి కొరియా సంపన్న వ్యాపార కుటుంబపు కథగా మార్చెను, అందు లోపాఖిన్ స్థానమున నున్నవాడు ఆ యింటి కారు నడపినవాని కొడుకు. గడప మారినది గాని గడప అనునది పోలేదు. దీనిని మేము మెచ్చుకొందుము.

2021లో హమగూచి తీసిన ‘డ్రైవ్ మై కార్’ అను జపాను చలనచిత్రమును మన కుటుంబములు ప్రత్యేకముగా చూడవలెను. అందొక దర్శకుడు ‘వాన్యా మామ’ను పలు భాషల నటులతో ఆడించును. ఒకరు జపాను భాషలో అడుగుదురు, వేరొకరు కొరియా భాషలోనో చీనా భాషలోనో బదులు చెప్పుదురు. కడపటి ఓదార్పు మాటలను మాటాడలేని నటి కొరియా సంజ్ఞాభాషలో, చేతులతో చెప్పును. అది చూచినప్పుడు మాకు స్ఫురించినది మన యిల్లే. బామ్మ తెలుగున పిలుచును, మనుమడు కన్నడమునో తమిళమునో ఒడియానో మరాఠీయో పలుకుచు వచ్చును. ఇద్దరికిని ఒకరిమాట ఒకరికి తెలియును, అట్లని పూర్తిగా తెలియదు. ఫీర్స్‌కు చెవుడు. అతడు ఒకటి వినును, వేరొకదానికి బదులు చెప్పును. అతనిచేత తెలుగున పలికించి, పిల్లలచేత వారి బడిభాషలో పలికించినచో, ఆ చెవుడు ఎవరిదో ప్రేక్షకులే తేల్చుకొందురు. ఇట్టి అనుసరణను విజయవాడలోనో హైదరాబాదులోనో ఉన్నవారు చేయజాలరు, మనమే చేయగలము.

మనకు అట్టి శక్తి ఎక్కడిదని శంకింపనక్కరలేదు. బళ్లారి 1953లో ఆంధ్రరాష్ట్రములో చేరక మైసూరులో కలిసినది గాని, ఆధునిక తెలుగు నాటకమునకు ఆ పట్టణము పెట్టిన భిక్ష సామాన్యమైనది కాదు. ధర్మవరము రామకృష్ణమాచార్యులును, కోలాచలము శ్రీనివాసరావును అచ్చటనే సమాజములు స్థాపించి నాటకములాడించిరి. నాటకము శుభాంతముగా ముగియవలెనను కట్టుబాటును ధిక్కరించి ధర్మవరమువారు ‘విషాదసారంగధర’ వ్రాసిరి. పాశ్చాత్యులనుండి ఆయన గ్రహించినది కోటుబూట్లను కాదు, ముగింపును దాచకుండ చూపు తెగువను. బళ్లారి రాఘవ పద్యమును రాగముతో సాగదీయు అలవాటును కాదని భావమునకు పట్టము గట్టెను, స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టెను. తెలుగుదేశపు నడిబొడ్డున కాక, కన్నడము వీధిలోను తెలుగు ఇంటిలోను వినబడు ఊరిలో ఈ సాహసములు జరిగినవి. ఆ వారసులము మనము, వార్షికోత్సవమున ఏమి ఆడుచున్నాము?

నూతన రూపములు కావలెనని కేకలు వేయువారికి ఒకమాట. ‘సీగల్’లోని యువకుడు త్రెప్లేవ్ మొదటి అంకమున అట్లే కేకలు వేయును. తుది అంకమునకు వచ్చునప్పటికి, రూపము క్రొత్తదా పాతదా అనుట కాదు, మనసులోనుండి తడబాటు లేక వచ్చినదా లేదా అనునదే ముఖ్యమని తెలిసికొనును. అతనికి ఆ జ్ఞానము ఆలస్యముగా కలిగెను. మనకు త్వరగా కలుగవలెనని మా కోరిక.

ఇక దాచియుంచిన మాట చెప్పెదము. మొదటి అంకమున గాయెవు నూరేండ్ల నాటి పుస్తకముల బీరువా యొకదానిని చూచి ఉప్పొంగి, దానిని సంబోధించి ఉపన్యసించును. తరతరముల యందు ధర్మమును, ఆశను నిలిపినందులకు దానిని కీర్తించును. అతని కంట నీరు తిరుగును. ఆ బీరువా తెరచి ఒక పుస్తకము తీసి చదువుట మాత్రము అతనికి తోచదు. సభలో నవ్వు పుట్టవలసిన చోటు అది.

మన సంఘముల వార్షికోత్సవములను ఒకసారి నెమరువేసికొనుడు. దీపము వెలిగింతుము, ప్రార్థనాగీతము పాడింతుము, దేశభాషలలో మన భాషకు గల స్థానమును కొనియాడుదుము, శాలువ కప్పి సన్మానపత్రము చదువుదుము. అందులో ఎన్ని వాక్యములు ఆ బీరువా ఉపన్యాసమునకు తీసిపోవును? మేము వ్రాయుచున్న ఈ సంచికయు అట్టి సన్మానపత్రమేయని ఒప్పుకొనుటకు మాకు సంకోచము లేదు. తాతలు కొని అట్టలు వేయించిన తెలుగు పుస్తకములు పెక్కిండ్లలో బీరువాలనిండ నున్నవి. అవియే మన చెర్రీ తోట. ఒకప్పుడవి బ్రతుకు నేర్పినవి; నేడు కొనువాడు లేడు, చదువు పద్ధతి పిల్లలకు రాదు. అడిగినచో, మరచిపోయిరని ఫీర్స్ వలె చెప్పుటకు ఒక ముసలివారు ఇంట మిగిలియుందురు.

ఆ ఫీర్స్ ఇంటిలో ఎట్లు మిగిలిపోయెనో చూడుడు. అతనిని వదిలివేయవలెనని ఎవ్వరును తలపలేదు. అందరికిని అతనియందు ప్రేమయే. జబ్బుతో నున్నాడు, ఆసుపత్రికి పంపిరా యని అడిగిరి కూడ. పంపియుందురని ఒకరు, ఎవరికో చెప్పితినని వేరొకరు. అంతటితో తాళము పడెను. తెలుగు తల్లి నేర్పుచున్నదని తండ్రియు, బామ్మ నేర్పుచున్నదని తల్లియు, సంఘము తరగతులు పెట్టునని బామ్మయు, ప్రభుత్వము ఉపాధ్యాయుని ఇచ్చునని సంఘమును తలంచుచున్న యిండ్లు మనలో ఎన్ని కలవు? ఇట్టి నిర్లక్ష్యమునకు క్రూరులు అక్కరలేదు. మంచివారు నలుగురు చాలుదురు. ఇది చెహోవు మనపై మోపిన నేరము. అనుసరణ పేరిట దీనిని తొలగించువారిని మేము క్షమింపజాలము.

కావున ‘చెర్రీ తోట’ను ఆడదలచిన సంఘములకు మా విన్నపమిది. పేర్లు మార్చుడు, ఊరు మార్చుడు, తోటను తీసివేసి పుస్తకముల గదిని పెట్టుడు. మాకు అభ్యంతరము లేదు. లోపాఖిన్ తాతను వంటింటి గడప వెలుపలనే నిలిపియుంచుడు. ప్రేక్షకులను నవ్వనిండు. కడపటి అంకమును 12 నిమిషములలో ముగింపుడు, కన్నీటికి వేళ చిక్కనీయకుడు. నటించు పిల్లలకు తెలుగు మాటలను వేరు లిపిలో వ్రాసియిచ్చి వల్లె వేయింపక, మూడు నెలలు ముందుగా కూర్చుండబెట్టి తెలుగు వ్రాతప్రతినే చదువ నేర్పుడు. నాటకము రక్తి కట్టకపోయినను, పదిమంది పిల్లలకు అక్షరములు వచ్చును.

ఈ సంచికయు రేపు మీ యింటి బీరువాలో చేరును. చేరకమునుపు, ఇంటిలోని చిన్నవారిచేత ఇందొక పుటను బిగ్గరగా చదివింపుడు. చదువలేకపోయినచో వారిని కోపగింపకుడు. ఆ పుటతోనే చదువు మొదలుపెట్టుడు. వేలమునకు ఇంకను కొంత గడువున్నది.